పేగు మెడకి చుట్టుకుందన్నారు, నిజంగా అదేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 26 ఏళ్లు, మొదటి కాన్పు. 37వ వారంలో ఒకరోజు కదలికలు తగ్గినట్టనిపించింది, రేపు చూద్దాంలే అనుకున్నా, తెల్లారి స్కానింగ్‌లో గుండె ఆగిపోయిందన్నారు. నొప్పులు రప్పించి కాన్పు చేశారు, పాప, 1.8 కిలోలు. పేగు మెడకి చుట్టుకుంది, అంతే అన్నారు. మా అత్తగారేమో గ్రహణం రోజు బయటికెళ్లావు కదా అంటున్నారు. నాలుగు నెలలైంది. నా తప్పేనా? ఇప్పుడు చేయించుకునే టెస్టులేమైనా ఉన్నాయా?

జవాబు: నీ తప్పు కాదమ్మా. గ్రహణం సంగతి వదిలెయ్. ఆ రాత్రే వెళ్లుంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు, ఈసారి మాత్రం కదలిక తగ్గితే రాత్రయినా సరే వెంటనే వెళ్లిపో.

పేగు చుట్టుకోవడం అంటావా, బతికి పుట్టే పిల్లల్లో కూడా నలుగురైదుగురిలో ఒకరికి ఉంటుంది, ఏడుస్తూ పుడతారు, మేం తీసేస్తాం అంతే. కనిపించింది కదా అని దాని మీదకి తోసేయడం మాకూ తేలికే అనుకో. నీ ఉత్తరంలో నాకు పట్టుకుంది వేరే, పాప బరువు. 37 వారాలకి 1.8 అంటే చాలా తక్కువ, పేగు చుట్టుకుంటే రాత్రికి రాత్రి బరువు తగ్గదు కదా, కొన్ని వారాలుగా మాయ (ప్లాసెంటా, బిడ్డకి తల్లి నుంచి పోషణ అందించేది) సరిగ్గా పనిచెయ్యక బిడ్డకి రక్తం చాలక ఎదగలేదేమో అని నా అనుమానం.

ఇది తేలాలంటే కాన్పవగానే మాయని ల్యాబ్‌కి పంపాలి, బిడ్డకి పోస్ట్‌మార్టం, క్రోమోజోముల టెస్టు కూడా చేయాలి. పోస్ట్‌మార్టం అంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు, ఆ బాధ అర్థమవుతుంది, కానీ మాయకి ఎవరి మనసూ నొచ్చుకోదు, దాన్నీ పారేస్తారు, అదే నాకు కోపం. ఒకవేళ పంపుంటే రిపోర్టు ఆసుపత్రిలోనే పడి ఉండొచ్చు, వెళ్లి అడుగు.

ఇప్పటికీ చేయించుకోదగ్గవి ఉన్నాయి. ముఖ్యంగా యాంటీఫాస్ఫోలిపిడ్ టెస్టులు, అంటే రక్తం మామూలు కంటే ఎక్కువగా గడ్డకట్టే గుణం ఉందా అని. పాజిటివ్ వస్తే కంగారుపడొద్దు, 12 వారాల తర్వాత మళ్లీ చేస్తే గానీ ఖాయం కాదు, ఖాయమైతే వచ్చే గర్భంలో తక్కువ డోసు ఆస్పిరిన్, రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. షుగరు, థైరాయిడ్ కూడా చూపించు, అప్పటి బీపీ రీడింగులు, స్కాన్ రిపోర్టులు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకో. అన్నీ చేసినా కొందరికి కారణం దొరకదు, అది ముందే చెప్తున్నా. కారణం దొరికినా దొరక్కపోయినా ఈసారి 28 వారాల నుంచి ఎదుగుదల స్కాన్లు, డాప్లర్ (బిడ్డకి రక్తం ఎలా అందుతోందో చూసే స్కాన్) తప్పనిసరిగా అడుగు.

నీ బ్లడ్ గ్రూపు రాయలేదు. నెగెటివ్ అయితే మీ ఆయన్ని కూడా వెంట తీసుకెళ్లు, ఆయన గ్రూపూ కావాలి, ఆయనది పాజిటివ్ అయితే బిడ్డ రక్తానికీ నీ రక్తానికీ పడకపోవచ్చు.