మీ అమ్మకు స్టెయిర్‌లిఫ్ట్: కొనే ముందు కొలవాల్సినవి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ అమ్మ మెట్లెక్కలేకపోతోందని, స్టెయిర్‌లిఫ్ట్ (మెట్ల వెంట బిగించిన పట్టా మీద మనిషిని కూర్చోబెట్టి ఎక్కించి దించే మోటారు కుర్చీ) పెట్టిద్దామనుకుంటున్నావని రాశావు. మంచి ఆలోచన. ఏ కంపెనీది కొనమంటారని అడిగావు చూడు, ఆ ప్రశ్న ఆఖరున రావాలి. ముందు అమ్మను కొలవాలి, తర్వాత మెట్లను, ఆ తర్వాతే కుర్చీల సంగతి. చాలా ఇళ్ళల్లో ఈ వరస తిరగబడుతుంది. కుర్చీ నచ్చి కొనేస్తారు. బిగించాక కూర్చుని చూస్తే మోకాళ్ళు ఎదుటి గోడకు రాసుకుంటుంటాయి.

అమ్మను చేతులున్న మామూలు కుర్చీలో కూర్చోబెట్టి చూడు. చేతులు పట్టుకుని తనంతట తాను లేవగలదా? ఓ ఐదు నిమిషాలు పక్కకు ఒరగకుండా కూర్చోగలదా? ఒక మీటను నిమిషంపాటు వదలకుండా నొక్కి ఉంచగలదా? మూడోదాన్ని తేలిగ్గా తీసుకోకు. ఈ కుర్చీ మీట నొక్కినంతసేపే నడుస్తుంది, వేలు తీస్తే ఆగిపోతుంది. భద్రత కోసమే అలా పెట్టారు. వేగం కూడా తక్కువే. యూరప్ ప్రమాణం ఈఎన్ 81-40 ప్రకారం సెకనుకు 0.15 మీటర్లకు మించకూడదు. అంటే నాలుగున్నర మీటర్ల పట్టా ఎక్కడానికి కనీసం అర నిమిషం, మలుపుంటే ఇంకా ఎక్కువ. వేళ్ళ కీళ్ళు నొప్పులైతే సన్న బటన్ పనికిరాదు. అరచేతితో పక్కకు నెట్టినా పనిచేసే పెద్ద మీట ఉన్నది అడుగు.

మూర్ఛలు, ఉన్నట్టుండి కళ్ళు తిరగడం, దారి మధ్యలో బెల్టు విప్పి లేచిపోయేంత మతిమరుపు... వీటిలో ఏది ఉన్నా డాక్టరునీ ఫిజియోథెరపిస్టునీ అడక్కుండా ముందుకు వెళ్ళకు. మోకాలు బొత్తిగా వంగనివాళ్ళకు సగం నిలబడి ఆనుకునే రకం సీటు ఉంటుంది. కానీ దానికి తుంటిలో బలం ఉండాలి, తలపైన ఖాళీ కూడా ఎక్కువ కావాలి. చక్రాల కుర్చీలోంచి దిగలేని మనిషికి స్టెయిర్‌లిఫ్ట్ సరిపోదు. ఆ కుర్చీతో సహా ఎక్కించే ప్లాట్‌ఫామ్ లిఫ్టు కావాలి.

బరువు తూచి రాసుకో. మామూలు మోడళ్ళు 120 నుంచి 140 కిలోల దాకా మోస్తాయి. అమ్మ బరువు ఆ హద్దుకు దగ్గరగా ఉంటే పై రకానికి వెళ్ళు, దాని సీటు వెడల్పు కూడా ఎక్కువ ఉంటుంది.

ఇప్పుడు టేపు తీసుకో. అమ్మ గోడకు వీపు ఆనించి స్టూలు మీద కూర్చుంటే, గోడ నుంచి మోకాలి చిప్ప చివరి దాకా ఎంతో కొలువు. పట్టా, సీటు వెనక భాగం కొంత చోటు తింటాయి కాబట్టి ఆ మేరకు కలుపుకోవాలి, ఆ లెక్క మోడల్ కాగితంలో ఉంటుంది. తర్వాత మెట్ల వెడల్పు చూడు. ఒక్క చోట కొలిచి ఊరుకోకు. కటకటాల స్తంభం, కిటికీ గట్టు, గోడ అడుగున పొడుచుకొచ్చిన పట్టీ, వీటన్నిటిలో ఎక్కడ ఇరుకో అక్కడి కొలతే అసలు కొలత. 70 సెంటీమీటర్లకు తగ్గితే చాలా మోడళ్ళు కష్టం. ముడిచాక కుర్చీ 30, 35 సెంటీమీటర్ల చోటు ఆక్రమిస్తుంది. మిగిలిన దారిలో ఇంట్లోవాళ్ళు నడవగలరో లేదో అట్టముక్క అడ్డంపెట్టి నడిచి చూడండి. పైకప్పు వాలుగా ఉంటే కూర్చున్న మనిషి తల ఎక్కడ తగులుతుందో కూడా చూడాలి.

కింది మెట్టు దగ్గర చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. పట్టా చివరి మెట్టుతో ఆగదు, జానెడో అంతకు కాస్త ఎక్కువో నేల మీదికి వస్తుంది. అక్కడే తలుపు ఉంటే తెరుచుకోదు, లేదా రాత్రి వేళ ఎవరో తట్టుకుని పడతారు. అలాంటి చోట మడత పట్టా గానీ, అవసరం తీరాక పైకి జరిగిపోయే పట్టా గానీ పెట్టించాలి. చేత్తో ఎత్తే మడత చవకే, కానీ నడుం వంచలేని అమ్మ ఒంటరిగా ఉన్నప్పుడు అదెవరు ఎత్తుతారు? మోటారుతో మడిచేదైతేనే పెట్టించు. అయితే కదిలే కీలు ఎన్ని ఉంటే అన్ని రిపేర్లు. తలుపును అటువైపు తెరుచుకునేలా మార్చడం కుదిరితే అదే మంచి మార్గం.

మెట్లు నిటారుగా ఒకే వరసలో ఉంటే పని సులువు. పట్టా అల్యూమినియం కడ్డీలోంచి కావలసినంత కోసి పూటలో బిగించేస్తారు. పైన ఒకే ఒక్క మెట్టు మూలకు తిరిగినా సరే, చివరిదాకా వెళ్ళాలంటే వంపు పట్టా కావాలి. దాన్ని మీ మెట్ల కొలతలకే ప్రత్యేకంగా వంచి తయారుచేస్తారు. ఫొటోలతోనో లేజరుతోనో కొలుస్తారు, రావడానికి వారాలు పడుతుంది, ధర ఎన్నో రెట్లు. ఇంకో ఇంటికి పనికిరాదు కాబట్టి ఆర్డరు పెట్టాక వెనక్కి తీసుకోరు. అందుకే సెకండ్ హ్యాండులో నిటారు పట్టాది కొనొచ్చు గానీ, వంపు పట్టాది ఎంత చవకగా వచ్చినా వద్దు. మధ్య చదునులో దిగి రెండో కుర్చీ ఎక్కేలా రెండు నిటారువి పెట్టుకోమని కొందరంటారు. కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళకైతే సరే. అమ్మకు ఒక ఎక్కుదిగుడే కష్టమైనప్పుడు రెండు పెట్టడం నాకు ఇష్టం లేదు.

వంపు మెట్లయితే పట్టా లోపలి వైపా, గోడ వైపా అన్నది తేల్చుకోవాలి. లోపలి వైపు పెడితే పట్టా పొడవు తగ్గుతుంది, మూల మెట్ల వెడల్పు భాగం నడిచేవాళ్ళకు మిగులుతుంది. గోడ వైపు పెడితే మూల మెట్ల సన్నటి కొస మీద అందరూ నడవాల్సొస్తుంది. కాకపోతే పై అంతస్తులో పట్టాను మూల తిప్పి, మెట్లకు దూరంగా కుర్చీ ఆపుకునే వీలు దొరుకుతుంది.

ఆ వీలుకు నేను ఎందుకు అంత విలువ ఇస్తానో చెబుతాను. కుర్చీ నడుస్తున్నప్పుడు బెల్టు ఉంటుంది, వేగం తక్కువ, భయం లేదు. భయమంతా పైన దిగేటప్పుడే. కుర్చీ పై మెట్టు అంచునే ఆగి, మనిషి పక్కకు దిగాల్సొస్తే వెనక మెట్ల గొయ్యి ఉంటుంది. కాబట్టి సీటు చదును వైపు తిరగాలి, తిరిగాక టక్కుమని లాక్ పడాలి, సీటు తిరిగి ఉన్నంతసేపు లిఫ్టు కదలకూడదు. తిప్పే మీట సీటు పక్కన కిందుగా ఉంటుంది. ఒంగి లాగడం అమ్మవల్ల కాకపోతే మోటారుతో తిరిగే సీటు తీసుకో. ఖర్చు తగ్గించుకోవాలంటే రంగులోనో గుడ్డలోనో తగ్గించుకో, ఇక్కడ మాత్రం వద్దు.

పట్టాను బిగించేది గోడకు కాదు, మెట్లకు. కొన్ని మెట్లకు ఒకటి చొప్పున కాళ్ళు స్క్రూలతో దిగుతాయి. టైలు గానీ రాయి గానీ అయితే పై పలక దాటేదాకా డ్రిల్లును సుత్తి దెబ్బ లేకుండా నడపాలి, అంచుకు దగ్గరగా కన్నం పెట్టకూడదు. రెంటిలో ఏది తప్పినా పలక పగులుతుంది. తట్టితే డొల్లగా మోగే టైలును ముందే చూపించు. చెక్క మెట్లయితే పుచ్చినవి మార్చాకే బిగించనివ్వు.

కరెంటు పోతే మధ్యలో ఇరుక్కుంటుందేమోనని అమ్మ భయపడుతుంది. చాలా మోడళ్ళు బ్యాటరీ మీదే నడుస్తాయి. కుర్చీ అడుగున 12 వోల్టులవి రెండుంటాయి. కరెంటు లేకపోయినా కొన్ని సార్లు ఎక్కిదిగొచ్చు. పట్టా చివర్లలో చిన్న లోహపు రేకులుంటాయి, కుర్చీ వాటిని తాకి ఆగితేనే చార్జింగ్. బెత్తెడు ముందే ఆపేస్తే కీచుకీచుమని అరుస్తుంది. “లిఫ్టు పాడైంది” అని ఫిర్యాదు చేసేముందు ఎవరైనా గోడ స్విచ్ ఆపేశారేమో చూడు! ఆ స్విచ్‌కు “ఆపవద్దు” అని చీటీ అంటించు. ఊరెళ్ళినా ఆపకు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఖాళీగా పడుంటే పాడవుతుంది. సరిగా చూసుకుంటే మూడు నుంచి ఐదేళ్ళు వస్తుంది.

ఫోన్లో ధర చెప్పేవాళ్ళను నమ్మకు. ఇంటికొచ్చి కొలిచి, బొమ్మ గీసి, దాని మీద సంతకం పెట్టేవాళ్ళే కావాలి. అమ్మ లేకుండా ఆ కొలతలు జరగనివ్వకు. “ఈరోజే డిస్కౌంట్” అంటే ఆ రోజు కొనకు. పట్టా పొడవు, మోడల్ పేరు, మడత పట్టా, రిమోట్లు రెండు, బిగింపు, వారంటీలో బ్యాటరీ ఉందా లేదా, ఆగిపోతే ఎన్ని గంటల్లో మనిషి వస్తాడు, విడిభాగాలు ఎక్కడి నుంచి వస్తాయి, ఇవన్నీ కాగితం మీద రాయించు. సెకండ్ హ్యాండైతే తయారైన సంవత్సరం, పట్టా వెంట ఉండే పళ్ళ పట్టీ (మోటారు చక్రం పట్టుకుని ఎక్కే రంపంలాంటి కడ్డీ) అరుగుదల చూడు. బ్యాటరీలు కొత్తవి వేయించు. అవసరం కొన్ని నెలలే అనుకుంటే నిటారుది అద్దెకు దొరుకుతుందేమో అడుగు.

బిగించిన రోజు డబ్బు పూర్తిగా ఇచ్చేముందు ఖాళీ అట్టపెట్టె ఒకటి మెట్టు మీద పెట్టి కుర్చీని దిగనివ్వు. ఫుట్‌రెస్ట్ అంచు పెట్టెను తాకగానే ఆగాలి. ఎక్కేటప్పుడూ అలాగే చూడు. మధ్యలో నిలిచిపోతే మనిషిని ఎలా దించాలో ఇంట్లో ఇద్దరికి నేర్పించమను. పిల్లలున్న ఇల్లు కాబట్టి వాడనప్పుడు కుర్చీ తాళంచెవి తీసి నీ దగ్గర ఉంచుకో. శాలువా అంచులు, వదులు బట్టల కొసలు పళ్ళ పట్టీలో పడకుండా ఒళ్ళోకి తీసుకోవడం అమ్మకు అలవాటు చెయ్యి. పట్టా వచ్చాక ఆ వైపు చేపట్టు కడ్డీ మిగతావాళ్ళకు అందదు, రెండో వైపు ఒకటి బిగించు. సర్వీసు ఏడాదికి ఒకసారైనా చేయించాలి. మధ్యలో మీరు పట్టాను పొడిగుడ్డతో తుడిస్తే చాలు. కంపెనీవాళ్ళు చెప్పని నూనె ఏదీ పూయొద్దు, దుమ్ము అంటుకుని పళ్ళు అరుగుతాయి.

కొలతలన్నీ తీశాక మెట్ల బొమ్మ కాగితం మీద గీసి, అంకెలు వేసి నాకు పంపు. కింద తలుపు ఎటు తెరుచుకుంటుందో బాణం గుర్తు పెట్టడం మరిచిపోకు.

మీ పెదనాన్న