ప్రోస్టేట్ ఆపరేషన్ అన్నారు, ఇంకో డాక్టర్‌కి చూపిస్తే మొదటాయన ఏమైనా అనుకుంటారా?

అనుకుంటే అనుకోనివ్వండి. ఆపరేషన్ బల్ల ఎక్కేది మీరు. అయినా చాలామంది డాక్టర్లు ఏమీ అనుకోరు. మేం ఫైలు కాపీ అడిగితే మారు మాట్లాడకుండా ఇచ్చారు.

మా నాన్నది అచ్చం మీ కథే. రాత్రిళ్లు మాటిమాటికీ లేవడం, బాత్రూంలో ఎంతసేపు నిలబడ్డా ధార సరిగా రాకపోవడం. స్కాన్, యూరోఫ్లో చేసి ఆపరేషన్ తప్పదన్నారు. యూరోఫ్లో అంటే గరాటులో మూత్రం పోస్తే మిషను గ్రాఫు గీస్తుందే, అది. నాన్న అసలే మొహమాటస్తుడు. బయట నుంచి టెక్నీషియన్ "అయిందాండీ?" అంటూ తలుపు తడుతుంటే ఎవరికి వస్తుంది చెప్పండి? ఏదో కాస్త పోసి వచ్చేశారు.

రెండో డాక్టర్ ఆపరేషన్ మాటే ఎత్తలేదు. గ్రాఫు కింద చిన్న అక్షరాల్లో ఉన్న అంకె దగ్గర పెన్ను ఆపి, "ఆ రోజు మీకు సరిగ్గా వచ్చిందా అండీ?" అన్నారు. అక్కడున్నది 100 మి.లీ. కూడా లేదు. కనీసం 150 మి.లీ. పోయకపోతే ఆ గ్రాఫును నమ్మడానికి లేదట. స్కాన్‌దీ అదే గొడవ. ఆపుకోలేనంతగా నీళ్లు తాగించి చేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ అవదు, లోపల మిగిలిపోయినది ఎక్కువగా కనిపిస్తుంది. మామూలుగా వచ్చినప్పుడు, తలుపు తట్టేవాళ్లు లేకుండా రెండూ మళ్లీ చేయించారు. ధార మరీ అంత అధ్వానంగా లేదు, మిగులు కొంచెమే. మూత్రం సులువుగా వచ్చేలా చేసే టామ్సులోసిన్ మాత్ర రాసి, పడుకునే ముందు నీళ్లు తగ్గించమన్నారు. ఆపరేషన్ అవసరం ఇప్పటిదాకా రాలేదు.

అందుకే అంటాను, రిపోర్టు చివరి లైను పట్టుకుని వెళ్లకండి. గ్రాఫు, స్కాన్ సీడీ, వాడుతున్న మందుల చీటీ అన్నీ పట్టుకెళ్లండి. ప్రోస్టేట్‌ను కుదించే ఫినాస్టెరైడ్ మాత్ర కొన్ని నెలలుగా వాడుతుంటే పీఎస్‌ఏ, అదే ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష అంకె, దాదాపు సగానికి పడిపోతుంది. ఇన్‌ఫెక్షన్ ఉన్నా, మూత్రం గొట్టం (కాథెటర్) వేసినా పెరుగుతుంది. ఇవి తెలియకుండా ఆ అంకె చూసి ఎవరైనా ఏం చెబుతారు? క్యాన్సర్ అనుమానంతో ముక్క తీసి బయాప్సీ చేసి ఉంటే ఆ స్లైడ్లు అడిగి తీసుకుని వేరే పాథాలజిస్టుకి చూపించండి. క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే గ్లీసన్ స్కోరు 6 అయితే చాలామందికి వెంటనే ఆపరేషన్, రేడియేషన్ జోలికి పోకుండా, టెస్టులు చేస్తూ కనిపెట్టుకుని ఉంటారు. 7 అయితే లెక్క మారొచ్చు. ఇంకో మాట, మొదటి డాక్టర్ ఏమన్నారో రెండో ఆయన అడిగేదాకా చెప్పకండి. కొందరు ఒప్పుకోరు గానీ, ముందే చెబితే ఆయన బుర్ర కూడా అటే పోతుందని నా గట్టి నమ్మకం.

మగాళ్లతో ఇంకో తంటా. షుగరు, బీపీ గురించి గంటలు గంటలు మాట్లాడతారు, మూత్రం మాట వస్తే గొంతు పెగలదు. డాక్టర్ అడిగితే "పర్లేదండీ, బానే వస్తోంది" అంటారు. ఇంట్లో వాళ్లు పక్కనుంటే మరీను. కాసేపు వాళ్లను బయట కూర్చోబెట్టండి. రిపోర్టు ఫొటో మసకమసగ్గా తీసి తెలిసినవాళ్లకి వాట్సాప్‌లో పంపి, అదే సెకండ్ ఒపీనియన్ అనుకునేవాళ్లకైతే దండం.

మీది ఆగగలిగే సమస్య కాబట్టి ఇదంతా చెప్పాను. మూత్రం పూర్తిగా బిగుసుకుపోయినా, కిడ్నీలో రాయి ఉండి చలిజ్వరం వచ్చినా ఇద్దరు డాక్టర్ల కోసం తిరగకండి, దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీకి వెళ్లిపోండి. కుర్రాళ్లకి వృషణంలో హఠాత్తుగా తట్టుకోలేని నొప్పి వచ్చినా అంతే. అది మెలిపడి ఉంటే కాపాడుకోవడానికి ఉండేది ఇంచుమించు 6 గంటలే.