ఆటవికమా, అనాగరికమా?

సందేహం: జాక్ లండన్ 1903లో రాసిన 'కాల్ ఆఫ్ ది వైల్డ్' నవల మీద వ్యాసం రాస్తున్నాను. అందులో బక్ అనే పెంపుడు కుక్క చివరికి తోడేళ్ల గుంపులో కలిసిపోతుంది. ఆ మార్పును 'నాగరికత నుంచి ఆటవికతకు' అని రాస్తే, మా సహోద్యోగి 'అనాగరికతకు' అని దిద్దారు. ఏది ఒప్పు?
— ఒక అధ్యాపకురాలు

సమాధానం: ఆ దిద్దుబాటు కొట్టేయండమ్మా. అలాగని మీ మాటా నాకు పూర్తిగా రుచించలేదు.

'ఆటవిక' పత్రికలవాళ్ల చేతిలో పడి చెడింది. ఎక్కడ నాలుగు కర్రలు లేచినా 'ఆటవిక పాలన' అని హెడ్డింగ్ పెట్టేస్తారు. అటవిలో ఉండేవాడు ఆటవికుడు, అంతే. సముద్రగుప్తుడి అలహాబాదు శాసనంలో ఆటవిక రాజులున్నారు. కౌటిల్యుడు సైన్యాల లెక్కలో అటవీబలాన్నీ చేర్చాడు. ఇందులో తిట్టెక్కడుంది?

అసలు 'అటవి' పుట్టుక చూడండి. 'అట' ధాతువుకు తిరగడం అని అర్థం. పర్యటనలో ఉన్నది అదే, భిక్షాటనలో ఉన్నదీ అదే. తిరిగే చోటు కాబట్టి అటవి. దాని వికృతి మన అడవి. (ద్రావిడ మూలం అనేవాళ్లూ ఉన్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు.) ఈ లెక్కన అడవికి వ్యతిరేకపదం నగరం కాదు, పలుపు! కాలిఫోర్నియాలోని శాంటాక్లారా లోయలో జడ్జిగారింట దర్జాగా పెరిగిన బక్‌ను తోటపనివాడు మెడకు తాడు కట్టి తీసుకెళ్లి అమ్మేస్తాడు. ఆ తాడు బిగిసిన దగ్గరే కథ మలుపు తిరుగుతుంది. తర్వాత ఎర్ర స్వెటర్ వాడొకడు దుడ్డుకర్రతో బాది లొంగదీస్తాడు. కెనడాలోని క్లోండైక్ బంగారం కోసం ఎగబడ్డ మనుషుల నాగరికత, కుక్క మెడ దగ్గర్నుంచి చూస్తే అలాగే ఉంటుంది మరి.

'నాగరిక' నగరం నుంచి వచ్చింది. కామసూత్రాల్లో వాత్స్యాయనుడి నాగరకుడు తాంబూలం వేసుకునే పట్నపు షోకిలా.

మనవాళ్లు ఊరపంది, అడవిపంది అని ఊరుకున్నారు; పందికి నాగరికత అంటగట్టలేదు. బక్ వైపు నుంచి చెప్పే వాక్యంలో 'ఊరు విడిచి అడవికి' అంటే నాకు నచ్చుతుంది. విమర్శకురాలిగా మీరు మాట్లాడే చోట 'ఆటవికత' ఉంచుకున్నా కాదనను. జాక్ లండన్‌దే 1906 నాటి 'వైట్ ఫాంగ్' నవల జోలికీ వెళతారేమో. అందులో ముప్పాతిక తోడేలైన జంతువు అదే లోయలో ఇంకో జడ్జిగారింటికి చేరుతుంది. అక్కడ మాత్రం 'నాగరికమైంది' అని రాయకండి, 'మచ్చికైంది' అనండి.