కూలని ఇల్లు కట్టడంలో మజా ఏముంది?

మీరు అడిగింది ఇదీ: "ఉద్యోగం చేసుకుంటూ సరదాగా గేమ్ డెవలప్‌మెంట్ నేర్చుకోవచ్చా? మైన్‌క్రాఫ్ట్, వాల్‌హైమ్ లాంటి సర్వైవల్ గేములు తెగ ఆడతాను. ఆ అనుభవం దేనికైనా పనికొస్తుందా?"

మొదటి దానికి జవాబు ఒక్క ముక్క. నేర్చుకోవచ్చు. నేను నేర్చుకుంటున్నాను, నాకు కంప్యూటర్ డిగ్రీ లేదు. డిప్లొమా సివిల్ చేసి కాకినాడ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ సైట్లలో సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. కోడింగ్ పేరు చెబితే ఇది మొదలుపెట్టేదాకా నాకు తెలిసిందల్లా ఎక్సెల్‌లో ఇనుము లెక్కలు వేసుకునే ఫార్ములాలే.

అసలు ప్రశ్న రెండోది. దానికి చాలామంది "ఆడటం వేరు, చెయ్యడం వేరు" అని ఠక్కున తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. షూటింగ్ గేములు ఎన్నేళ్లు ఆడినా వేళ్లకి వేగం తప్ప ఇంకేం రాదు, సరే. కట్టుకునే గేములు అలా కాదు. కర్ర కొట్టి, రాయి తవ్వి, గోడ లేపి, చీకటి పడేలోపు కప్పు వేసుకునేవాడికి తెలియకుండానే లోపలి లెక్కలు అర్థమవుతుంటాయి. ఏది తగ్గితే ఏది ఆగిపోతుందో, గేము తయారుచేసినవాడు ఎక్కడ మనల్ని కావాలని ఇబ్బంది పెడుతున్నాడో తెలుస్తుంటుంది. కాకపోతే ఆడుతూ ఆడుతూ "ఇది ఎందుకు కూలలేదు?" అని ఒక్కసారైనా అనిపించి ఉండాలి. అనిపించకపోతే హాయిగా ఆడుకోండి, అందులోనూ తప్పు లేదు.

నాకు మైన్‌క్రాఫ్ట్‌లోనే అనిపించింది. చెట్టు మొదలు నరికేస్తే పైభాగం గాల్లో అలాగే ఉండిపోతుంది. ఇసుక, గ్రావెల్ లాంటి కొన్ని మాత్రం కిందికి జారతాయి, మిగతావన్నీ దేవుడి మీద భారం వేసి నిలబడతాయి. పునాది మొత్తం తవ్వేసినా రాతికోట కదలదు. 2023కే 30 కోట్ల కాపీలు దాటిన గేము అది, దానికి వంక పెట్టడానికి నేనెవణ్ణి! పైగా అలా పెట్టడానికి కారణమూ ఉంది. అంత పెద్ద ప్రపంచంలో ప్రతి దిమ్మెకీ ఆసరా లెక్క కట్టాలంటే కంప్యూటర్‌కి తలకు మించిన భారం, పిల్లలు గాల్లో కట్టుకునే కోటలూ పోతాయి. అన్నీ అర్థమయ్యాయి. అయినా పొద్దున్నుంచి సాయంత్రం దాకా సెంట్రింగ్ (స్లాబు పోసేటప్పుడు కింద కట్టే చట్రం) కింద జాకీలు, అంటే ఆసరా గొట్టాలు, లెక్కపెట్టుకునే మనిషికి గాల్లో నిలబడ్డ స్లాబు చూస్తే కడుపులో తిప్పుతుంది.

2021లో కరోనా రెండో వేవ్‌కి సైట్లు మూతపడ్డప్పుడు వాల్‌హైమ్ దొరికింది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఎర్లీ యాక్సెస్‌లోకి, అంటే పూర్తికాకముందే అమ్మకానికి, వచ్చింది. స్వీడన్‌లో ఐదుగురు చేసిన గేము. సైజు ఒక జీబీ అటూఇటూ, నెల తిరిగేసరికి 50 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. అందరూ అందులో రాక్షసుల గురించి, పడవల గురించి చెబుతారు. నన్ను పట్టుకున్నది వేరే. చేతిలో సుత్తి పట్టుకుని దూలం వైపు చూస్తే దానికి రంగు వస్తుంది. నేలకి ఆనుకున్నది నీలం. పైకి, పక్కకి పోయేకొద్దీ ఆకుపచ్చ, పసుపు, చివరికి ఎరుపు. ఎరుపు దాటి ఇంకో ముక్క పెడితే పెళ్లున విరిగి పడుతుంది. ఇంట్లో మంట పెట్టి పొగ పోయే దారి వదలకపోతే ఆ పొగకే ప్రాణం పోతుంది. కప్పు లేని కర్ర వానకి దెబ్బతింటుంది. నరికిన చెట్టు మన మీదే పడి చచ్చిపోవడం అందులో మామూలు విషయం. రెండు గదుల పెంకుటింటిని ఎలా కట్టాలో ఆలోచించినంత శ్రద్ధగా ఆలోచించాను ఆ గేములో.

అప్పుడే పురుగు తొలిచింది, ఇలాంటిది మనమే చేస్తే అని.

గోడో అనే ఇంజన్, అంటే గేములు తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్, పట్టుకున్నాను. ఉచితం, ఓపెన్ సోర్స్, అర్జెంటీనా వాళ్లు మొదలుపెట్టింది. దాని భాష జీడీస్క్రిప్ట్ చూడటానికి పైథాన్‌లా ఉంటుంది. అందరూ చేసినట్టే మొదట ఒక డబ్బాని నడిపించాను. నా లాప్‌టాప్‌లో నిదానంగా నడిచిన ఆ డబ్బా బావమరిది కంప్యూటర్‌లో పరుగు పెట్టింది. తెర మీద ఒక బొమ్మకీ (ఫ్రేమ్‌కీ) తర్వాతి బొమ్మకీ మధ్య పట్టిన సమయంతో, అంటే డెల్టాతో, వేగాన్ని గుణించాలని అలా తెలిసింది. ఈ మొదటి మెట్ల గురించి యూట్యూబ్‌లో కావలసినంత ఉంది, నేను చెప్పక్కర్లేదు.

అసలు పని ఇల్లు కూలడం దగ్గర మొదలైంది. నేను పెట్టుకున్న లెక్క చిన్నది. నేలకి తగిలిన ముక్కకి 100 మార్కులు. దాని నెత్తిన నిలబెట్టిన ముక్కకి 10 తగ్గుతాయి. పక్కకి సాగదీసిన ముక్కకి 30 తగ్గుతాయి. సున్నాకి దిగితే పడిపోవాలి. స్తంభం ఎత్తు పెరిగేకొద్దీ దాన్నుంచి బయటికి పొడుచుకొచ్చే సన్‌షేడ్ పొడవు తగ్గుతుందన్నమాట. కాగితం మీద ముచ్చటగా ఉంది. స్క్రీన్ మీద మాత్రం మూల స్తంభం తీసేసినా కప్పు కదలకుండా ఉండిపోయేది. ఒక్కోసారి నాలుగు స్తంభాలూ తీసేసినా అంతే.

అది అలా ఉండగా ఒక అక్టోబరులో వాయుగుండం పట్టింది. స్లాబు వెయ్యాల్సిన రోజు. కాంక్రీటు కలిపే మిల్లరు మీద టార్పాలిన్ కప్పేసి అందరం సైటు షెడ్డులో కూర్చున్నాం. సిమెంటు బస్తాల మీద లాప్‌టాప్ పెట్టుకుని దీంతో కుస్తీ పడుతున్నాను. సెంట్రింగ్ కుర్రాళ్లు నలుగురు వెనక చేరారు. ఒకడు "సార్, పబ్జీ ఉందా?" అన్నాడు. లేదంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు. మా మేస్త్రి టీ గ్లాసు పట్టుకుని వచ్చి కాసేపు చూశాడు. ఆయన పోయించిన స్లాబుల కింద సగం ఊరు కాపురం ఉంటోంది.

"ఆయ్, ఆ మూల స్తంభం పీకేశారు కదండీ. పైకప్పు ఎలా ఉండిపోయింది? పైనుంచి తాడేమన్నా కట్టారా?"

అదే తెలియట్లేదు మేస్త్రిగారూ అని విషయం చెప్పాను. ప్రతి ముక్కా తన పక్కదాన్ని అడుగుతుంది, నీకెన్ని మార్కులున్నాయని. ఈ దూలం ఆ దూలాన్ని చూసి నిలబడుతోంది, ఆ దూలం ఈ దూలాన్ని చూసి నిలబడుతోంది. కింద నేల లేకపోయినా రెండిటికీ పాత మార్కులు అలాగే మిగిలిపోతున్నాయి.

మేస్త్రి పడీపడీ నవ్వాడు. "ఇద్దరు తాగుబోతులు ఒకడి మీద ఒకడు వాలి నిలబడ్డట్టుందండీ. మీరు ఆళ్లనెందుకు అడుగుతారు? కిందనుంచి రండి. నేల ఎవడికి తగిలింది, ఆడి మీద ఎవడున్నాడు, ఆడి మీద ఎవడున్నాడు. అలా లెక్కెట్టుకుంటా పోతే ఎవడు మిగిలాడో ఆడు పడాల్సినోడే కదండీ."

కంప్యూటర్ చదువుకున్నవాళ్లు దీన్నే గ్రాఫులో నేల నుంచి వెతుక్కుంటూ పోవడం అంటారు, బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్ అని పేరు. పైకీ పక్కకీ తగ్గే మార్కులు వేరు కాబట్టి నాకు కావలసింది దానికి అన్నలాంటి డైక్‌స్ట్రా పద్ధతి అని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ మధ్యాహ్నం మాత్రం మేస్త్రి చెప్పినట్టే రాశాను. ఏ ముక్క తీసేసినా దానికి అతుక్కున్న ఇంటి మార్కులన్నీ చెరిపెయ్యడం, నేల నుంచి మళ్లీ పంచుకుంటూ రావడం. స్తంభం పీకాను. కప్పు మొత్తం ఒక్కసారిగా కూలబడింది, లాప్‌టాప్ కూడా దాంతోపాటే బిగుసుకుపోయింది. కుర్రాళ్లు ఈలలు వేశారు.

బిగుసుకుపోవడానికి కారణం అన్ని ముక్కలూ ఒకే ఫ్రేములో విడిపోయి ఒకదాన్నొకటి గుద్దుకోవడం. వాటిని వరసలో పెట్టి, ఫ్రేముకి కొన్ని చొప్పున వదిలాను. బరువు తగ్గించుకోవడానికి చేసిన పని అది. కానీ చూడటానికి అదే అందం తెచ్చింది. మూల దగ్గర మొదలై, దూలం వంగి, పెంకులు జారి, అటు చివరి దాకా వరసగా కూలుతుంటే నిజం ఇల్లు పడ్డట్టే ఉంది. ఏ ట్యుటోరియల్‌లోనూ ఈ ముక్క నాకు కనిపించలేదు.

మేస్త్రి అక్కడితో ఆగలేదు. సన్‌షేడ్ దగ్గర పేచీ పెట్టాడు. "ఎనక గోడ బరువు ఉంటేనే కదండీ అది నిలబడేది. గోడ లేవకముందే కింద సెంట్రింగ్ తీస్తే ముందుకి తిరగబడుద్ది. మీ దాంట్లో వెనక ఏం లేకపోయినా నిలబడిపోతుంది" అన్నాడు. నిజమే. వాల్‌హైమ్‌లోనూ బరువు లెక్క లేదు, నేల నుంచి ఎంత దూరం అన్నదే లెక్క. సెవెన్ డేస్ టు డై అనే గేములో బరువూ ఉంది. ఒక్కో పదార్థం ఎంత మొయ్యగలదో చూసుకుని కట్టుకోవాలి. నేను బరువు జోలికి పోలేదు. ఆడేవాడు చూసీ చూడగానే ఇది పడుతుందా పడదా అని ఊహించగలగాలి. ఊహకి అందకుండా కూలితే గేము మోసం చేసిందంటాడు. మేస్త్రి ఇప్పటికీ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

అయితే ఆయన మాటల్లోంచి ఒకటి మాత్రం తీసుకున్నాను. పచ్చి గోడ. నా గేములో మట్టిగోడ పెట్టగానే మొయ్యదు. ఆరాలి, అప్పటిదాకా కింద సరుగుడు బాదులు ఉండాలి. కాంక్రీటు పనికి మన దేశంలో పాటించే ప్రమాణం ఐఎస్ 456లో రాసే ఉంది కదా, 4.5 మీటర్ల లోపు స్లాబుకి కింద ఆసరాలు 7 రోజులు, దాటితే 14. బీములకి 6 మీటర్ల లోపు 14, దాటితే 21. సైట్లో ఓనర్లకి ఇది చెప్పి చెప్పి నోరు పడిపోయింది. అద్దె జాకీలు, రోజుకి ఇంత అని మీటరు తిరుగుతుంటుంది కాబట్టి ఎప్పుడు తీసేద్దామా అని చూస్తారు. నా గేములో తొందరపడి బాదులు తీస్తే గోడ నెత్తిన పడుతుంది. బయట చెప్పలేకపోయినవన్నీ అందులో పెడుతున్నాను.

ఇక ఆకలి మీటరు. నా ఉద్దేశంలో సర్వైవల్ గేములు సగం చెడిపోయింది దీనివల్లే. చేతిలో కొడవలి పట్టుకుని హాయిగా దడి కట్టుకుంటుంటే కింద ఒక గీత తగ్గుతూ ఉంటుంది. పది నిమిషాలకోసారి ఏదో ఒకటి నోట్లో కుక్కుకోవాలి. అందులో ఆలోచన లేదు, భయం లేదు, ఒట్టి చాకిరీ. వాల్‌హైమ్ వాళ్లు దీన్ని తిరగేశారు. అందులో తినకపోయినా చావవు, తింటే బలం పెరుగుతుంది, అంతే. పెద్ద పనికి బయల్దేరే ముందు కడుపునిండా తిని వెళ్తాం, కూలికి వెళ్లే మనిషి చద్దన్నం తిని వెళ్లినట్టే కదా అది. ఇంత తేలికైన ఉపాయం కళ్లముందు ఉండగా ఇంకా ఆకలితో చంపే గేములు చేస్తున్నారంటే వాళ్లు ఎప్పుడూ ఒళ్లొంచి పని చెయ్యలేదని నా గట్టి నమ్మకం.

ఇంకొకటి కూడా చెప్పాలి, తెలుగు అక్షరాలు. గేములో మెనూ తెలుగులో పెడదామనుకుంటే చాలా ఇంజన్లలో వొత్తులు విడిపోయి, గుడులు పక్కకి జరిగిపోయి, "స్తంభం" అని రాస్తే చదవలేని వింత బొమ్మ వస్తుంది. 2023 మార్చిలో వచ్చిన గోడో 4లో అక్షరాలకి వొత్తులూ గుడులూ సరిగ్గా అతికించే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) పెట్టారు, దాంతో తెలుగు తెలుగులా కనబడుతోంది. నేను గోడో వదలకపోవడానికి ఇది పెద్ద కారణం. ఇన్ని కోట్లమందిమి, మన అక్షరాలు సరిగ్గా రావడానికి ఇన్నేళ్లు పట్టింది, అడిగినవాడు లేడు. పైగా "తెలుగులో గేము ఎవడు ఆడతాడు, ఇంగ్లీషులో పెట్టు" అని సలహాలొకటి. మా సెంట్రింగ్ కుర్రాళ్లు ఆడతారు. వాళ్లు పబ్జీ మెనూలో ఏ బటన్ ఏంటో బొమ్మ చూసి గుర్తుపట్టుకుంటారు తప్ప చదివి కాదు.

కోర్సుల సంగతి అడగలేదు గానీ చెబుతాను. హైదరాబాద్‌లో ఒక సంస్థకి ఫోన్ చేస్తే లక్షల్లో ఫీజు చెప్పి, ఉద్యోగం గ్యారంటీ అన్నారు. ఏం నేర్పుతారంటే ఆ చెప్పే అమ్మాయికే తెలియదు పాపం. హాబీగా చేసేవాడికి ఆ డబ్బు దండగ. ఆ డబ్బుతో ర్యామ్ వేయించుకోండి. మిగిలితే ఇంట్లోవాళ్లకి ఏదైనా కొనిపెట్టండి, రాత్రుళ్లు మీ గదిలో లైటు వెలుగుతుంటే కాస్త ఓర్చుకుంటారు. మా ఆవిడకి నేను ఆడుతున్నానో, తయారుచేస్తున్నానో ఇప్పటికీ తేడా తెలియదు. కొన్నిసార్లు నాకూ తెలియదు.

మీరు లాప్‌టాప్ ఏదో రాయలేదు. గోడో అయితే ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, జిప్ విప్పి డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది. బొమ్మలు తయారుచేసుకోవడానికి బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్, అదీ ఉచితమే. దయచేసి మొదటి గేముకే మల్టీప్లేయర్ పెట్టకండి, అదో ఊబి. పెద్ద దీవి, వందల రకాల చెట్లు, అవీ వద్దు. నాలుగు స్తంభాలు, ఒక కప్పు, ఒక సుత్తి పెట్టండి. స్తంభం తీస్తే కప్పు పడేలా చెయ్యండి. అక్కడ ఇరుక్కుంటే కింద రాయండి, నా కోడ్ పెడతాను. సన్‌షేడ్ గురించి మాత్రం అడగొద్దు, అది మేస్త్రితో ఇంకా తేలలేదు.