ఎఫెసీ 4:18లోని ‘అజ్ఞానము’ చదువులేనితనమా?

బైబిలులో అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రికలో, 4:18లో ‘అజ్ఞానము’ అన్నచోట గ్రీకులో ఏ మాట ఉందో, తెలియకపోవడం దోషమెలా అవుతుందో మీరు అడిగారు. ఆ మాట ‘అగ్నోయ’. అందులోని ‘అ’, ‘గ్నో’ మన ‘అజ్ఞానము’లోని ‘అ’, ‘జ్ఞా’లకు చుట్టాలే కనుక తెలుగు అనువాదం మూలానికి దగ్గరగానే ఉంది. చిక్కు మన వాడుకలో ఉంది: అజ్ఞాని అనగానే మనకు చదువుసంధ్యలు లేనివాడే తోస్తాడు.

మా సంఘంలో పెద్దల బైబిలు తరగతి చెబుతున్నప్పుడు, అక్షరాలు రాకపోయినా కీర్తనలు ఎన్నో నోటికి చెప్పగల ఒక పెద్దావిడ ఈ వచనం విని, “అయ్యగారూ, ఇది మాబోటి చదువురానివాళ్ల మాటేనా?” అని అడిగారు. నేను జవాబు చెప్పకుండా, ‘తమ హృదయ కాఠిన్యమువలన తమలోనున్న అజ్ఞానముచేత’ అన్న ముక్కనే మళ్లీ చదివాను. కాఠిన్యమన్నచోట గ్రీకులో ‘పోరోసిస్’ ఉంది. విరిగిన ఎముక అతుక్కునేటప్పుడు అక్కడ ఏర్పడే గట్టి ముడిని ప్రాచీన గ్రీకు వైద్యులు ఆ మాటతోనే చెప్పేవారు. పౌలు చెప్పే అజ్ఞానం ఆ గట్టిపడిన హృదయం నుంచి వచ్చిందే తప్ప బడికి వెళ్లకపోవడం వల్ల వచ్చింది కాదని వివరించాక ఆవిడ, “అయితే చదువుకున్నవాళ్లకే ఎక్కువ భయం” అన్నారు. ఆ మాటకు తరగతంతా నవ్వింది గాని, నా మట్టుకు అది సరైన వ్యాఖ్యానమే.

అన్నిచోట్లా ‘అగ్నోయ’కు ఇంత బరువు లేదు. లేవీయకాండము 5:18 ప్రాచీన గ్రీకు అనువాదంలో పొరబాటున చేసిన తప్పుకు ఇదే మాట వాడారు; అయినా అపరాధ పరిహారార్థబలిగా పొట్టేలును తేవలసిందే. అపొస్తలుల కార్యములు 3:17లో యేసును చంపించిన సంగతి ఎత్తి పేతురు యెరూషలేమువారితో ‘తెలియక చేసితిరి’ అని మెత్తగానే అన్నా, రెండు వచనాల తరువాత మారుమనస్సు పొందుమన్నాడు. ఏథెన్సులో పౌలు ప్రసంగం మరీ చక్కనిది: ‘తెలియబడని దేవునికి’ అన్న బలిపీఠపు రాత, ‘తెలియక’ చేసే భక్తి, దేవుడు చూచి చూడనట్టున్న ‘అజ్ఞానకాలములు’, ఈ మూడూ గ్రీకులో ఒకే ధాతువు నుంచి వచ్చినవి కాగా, తెలుగులో మూడవది సంస్కృత పదమవడంతో ఆ వరుస చెవికి అందదు.

1 తిమోతి 1:13లో పౌలు ఒకప్పుడు క్రైస్తవులపై తాను సాగించిన హింసాకాండను కూడా ‘తెలియక’ చేసిందనే చెప్పాడు. అయితే పక్కనే ‘అవిశ్వాసమువలన’ అని చేర్చి, కనికరింపబడ్డానన్నాడే గాని నిర్దోషినని అనలేదు.