చిన్న బంగారు నాణేలు కొనేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

నెలనెలా ఒక బంగారు నాణెం కొందామనుకుంటున్నానని రాశావు. మంచి ఆలోచనే. కానీ పదో వంతు ఔన్సు నాణేల జోలికి వెళ్లకు. నాణెం చిన్నదైనా పెద్దదైనా అచ్చు వేయడానికి, ప్యాక్ చేయడానికి అయ్యే ఖర్చులో పెద్ద తేడా ఉండదు. ఆ ఖర్చు ఔన్సు నాణెంలోని 31.1 గ్రాముల మీద పడితే తెలియదు, పదో వంతులోని 3.11 గ్రాముల మీద పడితే నడ్డి విరుస్తుంది. రెండు మూడు నెలలు డబ్బు కూడబెట్టి సావరినో (బ్రిటన్ బంగారు నాణెం), పావు ఔన్సు నాణెమో తీసుకో.

అన్నిటికంటే ముందు లెక్క. స్పాట్ ధర, అంటే మార్కెట్లో అప్పటికప్పుడు నడిచే మేలిమి బంగారం ధర, ట్రాయ్ ఔన్సుకి (బంగారం తూచే ఔన్సు) చెబుతారు. దాన్ని 31.1035తో భాగిస్తే గ్రాము మేలిమి ధర తేలుతుంది. 28.35తో భాగించకు, అది మామూలు ఔన్సు. తర్వాత నాణెం ధరను అందులోని మేలిమి బరువుతో భాగించి, ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టు. నాణెం అంకె ఎంత ఎక్కువుంటే అదే ప్రీమియం. సావరిన్ 7.99 గ్రాములు తూగుతుంది, 22 క్యారెట్లు కాబట్టి మేలిమి 7.32 గ్రాములే. పొరపాటున 7.99తో భాగించావా, తొమ్మిది శాతం ప్రీమియం ఉన్న నాణెం కూడా అసలు ప్రీమియమే లేనట్టు కనిపిస్తుంది. దక్షిణాఫ్రికా నాణెం క్రూగర్‌రాండ్ కూడా 22 క్యారెట్లదే, కానీ ఔన్సు నాణెంలో ఔన్సు మేలిమి నిండుగా ఉంటుంది. కలిపిన రాగి బరువు దానిపై అదనం.

చవకగా దొరికే చోటు పాత నాణేల్లో ఉంది. 20 ఫ్రాంకుల నాణేలను ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, బెల్జియం ఒకే కొలతతో కోట్ల సంఖ్యలో ముద్రించాయి. బరువు 6.45 గ్రాములు, మేలిమి 5.81. వీటి ముద్రణ ఖర్చు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి డీలర్లు లోహం విలువకు దగ్గరగానే అమ్ముతారు. ఫలానా సంవత్సరం, ఫలానా బొమ్మ కావాలని అడగకు, అడిగితే రేటు పెరుగుతుంది. ఆస్ట్రియా బంగారు నాణెం డ్యూకట్ మీద 1915 అని చూసి అరుదైనదనుకోకు. ఆ సంవత్సరం వేసి తర్వాత కూడా ముద్రిస్తూనే వచ్చారు.

ప్రూఫ్ నాణేలు (సేకరించేవాళ్ల కోసం అద్దంలా మెరిసేలా ముద్రించినవి), రంగులద్దినవి, పెట్టెలో పెట్టిన స్మారక నాణేలు వద్దే వద్దు. ఆ మెరుపుకి నువ్విచ్చిన డబ్బు అమ్మేరోజు చాలావరకు తిరిగి రాదు.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. ప్రీమియం ఎంత అని మాత్రమే చూడకు. అదే డీలర్ అదే రోజు ఆ నాణేన్ని ఎంతకు తిరిగి కొంటాడో అడుగు. స్పాట్ మీద ఎనిమిది శాతం ఎక్కువకి అమ్మి నాలుగు శాతం ఎక్కువకి కొనేవాడు, ఐదు ఎక్కువకి అమ్మి మూడు తక్కువకి కొనేవాడికంటే నయం. మొదటివాడి దగ్గర నీకు పోయేది నాలుగు, రెండోవాడి దగ్గర ఎనిమిది. కార్డు రుసుము, పోస్టేజీ, బీమా, పన్ను కూడా కలిపాకే పోల్చు. పోస్టేజీ ఆర్డరుకి ఇంత అని ఉంటే రెండు మూడు నాణేలు కలిపి తెప్పించుకో.

చేతికొచ్చాక పరీక్షించు. అయస్కాంతానికి అంటుకోలేదని నమ్మేయకు, రాగీ ఇత్తడీ కూడా అంటుకోవు. 0.01 గ్రాము చూపే త్రాసు, వెర్నియర్ కాలిపర్ కొనుక్కో. సావరిన్ వ్యాసం 22.05 మిల్లీమీటర్లు. అరుగుదల ఉన్నా బరువు 7.93 కంటే తగ్గితే అనుమానించు. తర్వాత త్రాసు మీద నీళ్ల కప్పు పెట్టి సున్నా చెయ్యి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా పూర్తిగా ముంచు. సావరిన్ అయితే త్రాసు 0.45, 0.46 గ్రాముల దగ్గర ఆగాలి. నాణేనికి గాలి బుడగ అంటుకుంటే అంకె పెరుగుతుంది, దులిపి మళ్లీ చూడు. బుడగ లేకుండానే 0.50 దాటితే అది 22 క్యారెట్ల బంగారం కాదు.

అంచును భూతద్దంతో తిప్పి చూడు. గొలుసుకి కట్టడానికి కొక్కెం అతికించి తీసేసిన గుర్తు ఉంటే దాన్ని నాణెంగా కాక కరిగించే బంగారంగానే లెక్కకడతారు, నువ్వూ ఆ ధరే ఇవ్వు. నాణేలను పాలిష్ చేయకు, రుద్ది కడగకు. బిల్లులో నాణెం పేరు, బరువు, మేలిమి, తేదీ రాయించుకుని భద్రంగా ఉంచు.