ఆ లెక్కల కాగితంలో నీ పేరు ఎక్కడుంది?

నెల్లూరు,
కార్తీక మాసం.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన లెక్కను కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. అల్లుడుగారు ఎంతో ఓపికగా వేశారు. హైదరాబాదు నిజాంపేటలో అద్దె, నెల్లూరులో అద్దె, ఇద్దరు పిల్లల ఫీజులు, పాలు, పెట్రోలు, మీ అత్తగారి మందులు, అన్నీ రాసి నెలకు ఎంత మిగులుతుందో కింద గీత గీసి చూపించారు. నాకు అందులో తప్పు కనబడలేదు. "అంతా బాగానే ఉంది కదా పెద్దమ్మా, వచ్చేయమంటావా?" అని చివర అడిగావు. రమ్మనాలనే ఉంది. నా చెల్లెలి కూతురు నాలుగు వీధుల అవతల ఉంటానంటే కాదనే మనసు నాకెందుకు ఉంటుంది? అందుకే ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు ఆగాను. నా ఆశను పక్కన పెట్టి రాస్తున్నాను, అలాగే చదువు.

నేను అడగదలచుకున్నది ఒక్కటే. ఆ కాగితంలో నీ పేరు ఎక్కడుంది?

1996లో మీ పెదనాన్న కూడా నా ముందు ఇలాంటి కాగితమే పెట్టారు. పొడవాటి తెల్లకాగితాన్ని నిలువునా మడిచి, ఎడమవైపు హైదరాబాదు, కుడివైపు నెల్లూరు అని రాశారు. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు, అణాపైసలతో సహా లెక్క. నెల్లూరు పక్కన కోవూరులో మామగారికి కాళ్లు సహకరించడం లేదు. అత్తయ్య ఒక్కతే చేసుకోలేకపోతోంది. బ్యాంకులో బదిలీ అడిగితే ఇచ్చేలా ఉన్నారు. ఆయన కారణాలు న్యాయమైనవే. నేను అప్పటికి తొమ్మిదేళ్లుగా చిక్కడపల్లిలో ఒక బడిలో తెలుగు చెబుతున్నాను. నా జీతం కూడా ఆ కాగితంలో ఉంది. దాని పక్కన "వదులుకోవాలి" అని రాసి, తగ్గే అద్దెతో అది సరిపోతుందని బాణం గుర్తు వేశారు. నా జీతానికి లెక్క కుదిరింది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు నేను ఏం చేస్తానో ఆ కాగితంలో ఎక్కడా లేదు. నేను కూడా అడగలేదు. అడగాలని తోచలేదు.

జూన్‌లో దిగాం. వచ్చిన వారానికే మీ పెదనాన్నకు చిన్ననాటి స్నేహితులు దొరికారు. అత్తయ్య ముఖంలో వెలుగు వచ్చింది. మూడో తరగతి చదివే మా అబ్బాయికి వీధిలో ఆటగాళ్లు దొరికారు. నేను మాత్రం తొమ్మిదింటికి, అక్కడ బడి గంట కొట్టే వేళకు, వంటింట్లో గిన్నెల ముందు నిలబడి ఉండేదాన్ని. చేతులు ఆగిపోయేవి. సాయంత్రం అయిదున్నరకు దోమలు వస్తాయని తలుపులు వేసేవాళ్లం. నెల్లూరు దోమల సంగతి నీకు తెలుసు కదా. ఆ మూసిన తలుపుల మధ్య, తొమ్మిదో తరగతిలో కొత్తగా చేరిన మా అమ్మాయి, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం. అది దసరా వరకు ఇంట్లో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. బడి నుంచి వచ్చి సంచి పడేసి మేడమెట్ల మీద కూర్చునేది. "వీళ్లంతా ఒకటో తరగతి నుంచి కలిసి చదువుకున్నారమ్మా" అని ఒక్కసారి అంది. అంతే.

తప్పు ఎవరిదీ కాదు. ఎవరూ మమ్మల్ని కష్టపెట్టలేదు. ఊరు మంచిదే, ఇల్లు గాలీ వెలుతురూ ఉన్నదే. కానీ ఊరు మారినప్పుడు ఇంటిల్లిపాదీ ఒకేలా మారరు. ఒకరికి సొంత ఊరికి తిరిగి వచ్చినట్లు ఉంటుంది. మరొకరికి ఉన్న ఊరు పోయినట్లు ఉంటుంది. ఎవరి రోజు ఎక్కువగా మారిపోతుందో చివరి మాట వాళ్లది కావాలి. మా ఇంట్లో ఆ మాట నాదీ అమ్మాయిదీ కావాల్సింది.

మరుసటి వేసవిలో రొట్టెల పండుగ వచ్చింది. పక్కింటావిడ బలవంతంగా స్వర్ణాల చెరువుకు తీసుకెళ్లింది. బారా షహీద్ దర్గా ముందు మోకాళ్ల లోతు నీళ్లలో జనం, ఎవరి చేతిలో చూసినా రొట్టె. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె అని పిలుస్తూ ఇచ్చిపుచ్చుకుంటున్నారు. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు, అది తీరాక వచ్చి మళ్లీ ఇస్తారు. "నీకేం కావాలి?" అని పక్కింటావిడ అడిగింది. ఇల్లు ఉంది, పిల్లలు ఉన్నారు, భర్త ఉద్యోగం ఉంది. ఏ రొట్టె పట్టుకోవాలో తెలియక నీళ్లలో అలాగే నిలబడ్డాను. ఎదురుగా ఒక ముసలమ్మ, నేను నోరు తెరవకుండానే, నా చేతిలో ఒక రొట్టె పెట్టి "ఉద్యోగం రొట్టె తల్లీ, మా కోడలికి వచ్చింది" అంది. గోధుమ రొట్టె, అంచు కొంచెం మాడింది. అప్పుడు ఏడుపు వచ్చింది. నాకు ఏం కావాలో ఏడాది పాటు ఇంట్లో ఎవరికీ చెప్పలేదని అప్పుడు తెలిసింది. ఆ రాత్రే మీ పెదనాన్నకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు నాకోసం రెండు బడులకు స్వయంగా వెళ్లి అడిగి వచ్చారు. ఆ డిసెంబరులో ఉద్యోగం దొరికింది, పాత జీతంలో సగానికి. ఆ పైన పదహారేళ్లు చేశాను, సంతోషంగా చేశాను. మరుసటి పండుగకు వెళ్లి రొట్టె ఇచ్చి వచ్చాను కూడా.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. అల్లుడుగారిది బుచ్చిరెడ్డిపాళెం. ఆయనకు ఇది ఇంటికి రావడం. వదినగారికీ, అదే మీ అత్తగారికీ, అంతే. ఆమెకు వైద్యం సంగతి ఎలాగని బెంగ పెట్టుకోవద్దు. నెల్లూరులో వైద్య కళాశాలలే రెండు ఉన్నాయి. మరీ పెద్ద చికిత్స అయితే చెన్నై మూడు గంటల దూరం. పాప మూడో తరగతే కాబట్టి నెల తిరిగేసరికి కలిసిపోతుంది. ఈ ముగ్గురి గురించి నాకు దిగులు లేదు.

బాబు ఎనిమిదిలో ఉన్నాడు. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది, అల్లుడుగారి కాగితంలో ఇదీ లేదు. మన రెండు రాష్ట్రాల్లో ఇంజినీరింగు, వైద్య సీట్లలో ఎక్కువ భాగం స్థానికులకే. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులనుంచీ ఇదే పద్ధతి. అర్హత పరీక్ష వరకు వరుసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, ఎక్కడ చదివితే ప్రధానంగా అక్కడి స్థానికుడు. ఈ స్థానికత లెక్కలో నెల్లూరు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తుంది. కాబట్టి మీరు వస్తే వచ్చే జూన్‌లో, వాడు తొమ్మిదిలో చేరే వేళకే రావాలి. "ఇంకో ఏడాది చూసి వద్దాం" అని తొమ్మిది అక్కడ, పది ఇక్కడ చదివిస్తే, రెండుచోట్లా నాలుగేళ్లు నిండక వాడు అక్కడివాడూ ఇక్కడివాడూ కాకుండా పోయే ప్రమాదం ఉంది. అలా కుదరదనుకుంటే ఇంటర్ అయ్యేదాకా కదలవద్దు. నిబంధనల్లో మార్పులు వస్తుంటాయి. నా మాట మీద ఉండిపోకుండా అల్లుడుగారిని తాజా ఉత్తర్వు తెప్పించి స్వయంగా చదవమను. మా అమ్మాయి తొమ్మిది మొదట్లోనే చేరడం వల్ల మాకు ఈ చిక్కు రాలేదు. దాని మనసు సంగతి మాత్రం నేను ముందే కనుక్కోలేదు. నువ్వు బాబును విడిగా కూర్చోబెట్టుకుని అడుగు. నాన్న ముందు అడిగితే "సరే" అంటాడు.

ఇక నువ్వు. ఆడిటరుగారి ఆఫీసులో పదకొండేళ్లుగా లెక్కలు చూస్తున్నావు. అల్లుడుగారి ఉద్యోగం ఇంటి నుంచి చేసుకునేది, నీది కాదు. "వచ్చాక చూసుకోవచ్చులే" అని నువ్వే రాశావు. ఆ మాట నేను 1996లో అన్నాను. అమ్మా, రాకముందే చూసుకో. నెల్లూరులో లెక్కలు తెలిసినవాళ్లకు పని ఉంటుంది. ధాన్యం మిల్లులు ఉన్నాయి, రొయ్యల వ్యాపారం ఉంది, కృష్ణపట్నం ఓడరేవు చుట్టూ రవాణా ఆఫీసులు ఉన్నాయి, ఆడిటర్లు ఉన్నారు. జీతం హైదరాబాదులో వచ్చినంత రాదు. కనీసం ఇద్దరితో మాట్లాడి, ఎంత ఇస్తారో, ఎప్పుడు చేరవచ్చో తెలుసుకుని, ఆ అంకెను ఆ కాగితంలో నీ చేత్తో రాయి. ఏమీ తేలకపోతే సున్నా రాయి. సున్నా కూడా అందరికీ కనబడాలి.

అల్లుడుగారితో ఒక మాట నువ్వే చెప్పు, నేను చెబితే బాగుండదు. ఇంటి నుంచి పని చేయవచ్చని కంపెనీ నోటిమాటగా చెప్పిందా, కాగితం మీద ఇచ్చిందా? ఏడాది తర్వాత వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మంటే ఏం చేస్తారు? అప్పుడు ఆయన హైదరాబాదులో ఒక గది తీసుకుంటే, మీరు నలుగురూ ఇక్కడ, ఆయన అక్కడ. కుటుంబం కలిసి ఉండాలని వచ్చి కుటుంబమే రెండు ముక్కలైన ఇళ్లు మా వీధిలోనే రెండు ఉన్నాయి.

ఇల్లు కొనే మాట మాత్రం ఇప్పుడు ఎత్తవద్దు. పదకొండు నెలలకు అద్దెకు తీసుకోండి. అద్దె ఇల్లు చూసేటప్పుడు కూడా ఎండలో చూసి తృప్తిపడకు. హైదరాబాదులో వానలు సెప్టెంబరుతో సర్దుకుంటాయి. ఇక్కడ అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. 2021 నవంబరులో సోమశిల జలాశయం నుంచి వదిలిన నీటికి పెన్న పొంగి భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం వైపు ఇళ్లు మునిగాయి. పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి. మా వంట మనిషి పొర్లుకట్ట దగ్గర ఉండేది. నీళ్లు తగ్గాక వాళ్ల ఇంటికి వెళ్లాను. గోడమీద నా భుజం ఎత్తున సన్నటి బురద గీత, స్కేలు పెట్టి గీసినట్లు. దానికి అరచేయంత కింద పిల్లవాడి బడి ఫొటో వేలాడుతోంది, అద్దం లోపల నీళ్లు. కొత్తగా రంగు వేసిన ఇంట్లో ఆ గీత నీకు కనబడదు. అందుకని ఇంటి యజమానిని అడిగి ఊరుకోకుండా, వీధి చివర ఇస్త్రీబండి అతణ్ని అడుగు, 2021లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని. రైలు కట్ట ఊరిని రెండుగా కోస్తుంది కాబట్టి పిల్లల బడి ఏ వైపున ఉందో కూడా చూసుకో. గట్టివాన పడితే మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలిచి, పది నిమిషాల దారి ముప్పావుగంట అవుతుంది.

మీరు ఎప్పుడు వచ్చినా సంక్రాంతికో పెళ్లికో వచ్చారు. చలికాలపు నెల్లూరు, చేపల పులుసు, మైపాడు సముద్రం. దాన్నిబట్టి ఊరును అంచనా వేయకు. రెండుసార్లు రండి. ఈ నెలాఖరున, వాన ఉండగా, పిల్లలను వదినగారికి అప్పగించి మీరిద్దరే నాలుగు రోజులు. సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కితే తెల్లవారి ఇక్కడ ఉంటారు. ఇళ్లు అప్పుడు చూడండి, నీ ఉద్యోగం మాటలూ అప్పుడే. రెండోసారి ఏప్రిల్ చివర, పరీక్షలు అయ్యాక, అందరూ పది రోజులు. చుట్టాల్లా కాదు. అల్లుడుగారు మేడమీది గదిలో రోజూ తన పని తాను చేసుకోవాలి. నువ్వు పొద్దున్నే సంచి పట్టుకుని కూరగాయలకు వెళ్లాలి, తాగేనీళ్ల క్యాను తెప్పించుకోవాలి, మధ్యాహ్నం రెండింటికి ఆ ఎండలో బాబును ఆటోలో తీసుకుని బడి చూసి రావాలి. నేను వండిపెట్టను, ముందే చెబుతున్నాను. వండిపెడితే నీకు ఊరు తెలియదు, పెద్దమ్మ ఇల్లు తెలుస్తుంది.

ఆ పది రోజుల్లో ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, అందరూ ఎవరి పనిలో వాళ్లు ఉండగా, పొద్దున తొమ్మిదిన్నరకు నువ్వు ఒక్కదానివే మేడమీద కాసేపు కూర్చో. ఆ వేళకు నీకు ఎలా ఉందో ఆ సాయంత్రం అల్లుడుగారికి చెప్పు, నాకు కాదు. రావద్దనిపిస్తే రావద్దు. నేను నొచ్చుకోను. వేసవి సెలవులకు పిల్లలను పంపుదువుగాని.

మీ పెదనాన్న రాసిన ఆ పాత కాగితం ఇంకా బీరువాలో ఉంది. ఆయన పోయాక పాసుపుస్తకాల మధ్య దొరికింది. బాణం గుర్తు పక్కన, వేరే సిరాతో, ఎప్పుడు రాశారో తెలియదు, నా పేరు రాసి ఉంది. మీరు వచ్చినప్పుడు అల్లుడుగారికి చూపిస్తాను.

రైలు టికెట్లు తీసుకోగానే ఫోను చెయ్యి. వదినగారికి నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ